తొమ్మిదో నంబరు క్లాంపు

2011 అక్టోబరు 12, బుధవారం. ఉదయం అయిదు గంటల నలభై నిమిషాలకు ఓదెలు మియాపూర్ నుంచి గోపన్‌పల్లికి కాలినడకన బయలుదేరాడు. సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు చనిపోయినట్టు దవాఖాన కాగితంలో ఉంది. వయసు యాభై ఏడు. వృత్తి ఫిట్టరు.

సకల జనుల సమ్మెకు అది ముప్ఫయ్యో రోజు. బస్సులు నిలిచి ఇరవై నాలుగు రోజులు. బస్సులు తిరిగినన్నాళ్లు ఓదెలు ఆరూ ఇరవైకి మియాపూర్ డిపో ముందు ఎక్కి లింగంపల్లిలో దిగేవాడు. అక్కడి నుంచి గోపన్‌పల్లికి షేర్ ఆటో. ఇప్పుడు ఆ ఆటోల్లో ఆరుగురు పట్టేచోట పదిమంది కూర్చుంటున్నారు. ఓదెలుకు ఎడమ మోకాలు పూర్తిగా మడవదు. అందుకని నడుస్తున్నాడు. రెండున్నర గంటలు పడుతుంది.

ఆ రోజు బయలుదేరే ముందు, భార్య లచ్చమ్మ జొన్నరొట్టెలు డబ్బాలో పెట్టి మూత బిగిస్తుంటే, గడప దగ్గర నిలబడి చెప్పాడు.

"మాపటికి నువ్వు గోపన్‌పల్లికి రావాలె."

"నేనా? ఎందుకు?"

"మిషిని నూకనీకి."

లచ్చమ్మ మూత మీది చెయ్యి తీయలేదు. "కలుపు మిషినా?"

"ఆఁ."

"గంత పెద్ద ఊరు. ఆడోళ్లే లేరా?"

"ఉన్నరు. అందరు అపార్ట్‌మెంట్లల్ల పనికి వోతున్నరు. మిషిని పట్టినోళ్లు ఒక్కలు లేరు. నువ్వు పట్టినవ్ గదా."

"పట్టిన. పట్టినందుకు ఏమొచ్చింది?"

అంటూ ఆమె కుడికాలు చీర అంచు కిందికి జరుపుకుంది. ఆ కాలికి చిటికెనవేలు, దాని పక్కవేలు లేవు. పదిహేడేళ్లుగా లేవు.

ఓదెలు డబ్బా అందుకున్నాడు. చెప్పులు వేసుకున్నాడు. మెట్టు దిగి ఆగాడు.

"నువ్వు నూకితేనే నాకు నమ్మకం," అన్నాడు.

"మూడింటికి ముంగట రాను. బట్టలు ఉన్నయి ఉతికేటియి."

"మూడింటికే రా. జర యాది పెట్టుకో."

*

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వెనక ఒక భవనం అయిదో అంతస్తులో ఒక ఆఫీసు ఉంది. అక్కడ కంప్యూటర్ల మీద యంత్రాలు గీస్తారు. ఏడాది కిందట ఒక పనిముట్ల కంపెనీ వాళ్లకు ఒక పని ఇచ్చింది. ఆడవాళ్లు చేలో నిలబడి కలుపు తీసే మిషిను కావాలి. ముందు ఒక చక్రం, వెనక రెండు పిడులు, మధ్యలో ఒక కడ్డీ. కడ్డీ కింద పైరును బట్టి బ్లేడో, పళ్ల దంతెనో, బోదె తీసే ముక్కో తగిలించుకోవాలి. ఆ తగిలించే చోట బిగించి పట్టుకునే ముక్కను క్లాంపు అంటారు. మిగిలిన మిషినంతా మూడు నెలల్లో కుదిరింది. క్లాంపు కుదరలేదు.

నమూనాలు చేసే పని గోపన్‌పల్లిలో చెన్నకేశవులు షెడ్డుకు వచ్చింది. ఆఫీసుకు దగ్గర కాబట్టి వచ్చింది. అంతవరకు ఆ షెడ్డులో అపార్ట్‌మెంట్ల గేట్లు, బాల్కనీ కటకటాలు, మెట్ల కమ్మీలు చేసేవారు. ఓదెలు ఏడేళ్లు అవే చేశాడు.

క్లాంపు ఎనిమిది సార్లు మార్చారు. మొదటి మూడు పట్టు నిలవలేదు. నాలుగోదానికి చేత్తో తిప్పే రెక్కల నట్టు పెట్టారు. మట్టి పట్టుకుని తిరగలేదు. అయిదోదాని నట్టు బురదలో పడిపోయి దొరకలేదు. ఆ తర్వాతవి ఒకటి వెల్డింగ్ దగ్గర చిట్లింది, ఒకటి బరువైంది. ఎనిమిదోది కంప్యూటర్ మీద నిలిచింది. రెండు బోల్టులు, పానాతో బిగించాలి. ఆఫీసులో టేబుల్ మీద బిగించి ముందుకు తోసి చూశారు. నిలిచింది.

దాని నోరు, అంటే బ్లేడు దూర్చే వైపు, వెనక్కి ఉంది.

ఓదెలు ఆ సంగతి డ్రాయింగు చూసిన రోజే చెప్పాడు. కలుపు మిషినును ముందుకు నూకడం ఒక్కటే కాదు. నూకి, వెనక్కి గుంజి, మళ్లీ నూకాలి. గుంజినప్పుడు బ్లేడు మట్టిలో పట్టుకుంటుంది. ఆ బలమంతా క్లాంపు నోటి మీద పడుతుంది. అప్పటికి బోల్టు ఒక చుట్టు వదులై ఉంటే బ్లేడు జారి వెనక్కి వస్తుంది. వెనక ఉండేది గుంజుతున్న మనిషి కాలు.

ఆఫీసు మేనేజరు ఒక గడువు పెట్టాడు. గురువారం ఉదయం పదింటికి కంపెనీ వాళ్లు వస్తున్నారు. అప్పటికి ఓదెలు చెప్పిన క్లాంపు, చేలో తోసి చూసినది, టేబుల్ మీద ఉండాలి. లేకపోతే ఎనిమిదో నంబరే ఖాయం. మొదటి విడత నాలుగు వేల మిషిన్లు.

బుధవారం ఉదయం ఓదెలు నడుస్తున్నప్పుడు తొమ్మిదో నంబరు సగం అయింది.

*

లింగంపల్లి చౌరస్తాలో రోడ్డు మీద మూడు రాళ్లు పెట్టి పొయ్యి అంటించారు. వంటావార్పు. మధ్యాహ్నానికి అక్కడే వండి అక్కడే తింటారు, బండ్లు ఆగిపోతాయి. ఇంకా ఏడు కాలేదు. పొయ్యి మీద చాయ్ గిన్నె మాత్రం ఉంది. దాని దగ్గర కూర్చున్నవాళ్లలో కండక్టర్ బాలనర్సయ్య ఉన్నాడు. ఆరూ ఇరవై బస్సు అతనిదే.

"ఏం ఓదెలన్నా, టికెట్ తీస్కోకుండనే వోతున్నవ్?"

"నడిస్తె గూడ టికెట్ గొడ్తవానే?"

"గొడ్త. తెలంగాణ రానీ, మొదటి టికెట్ నీదే. దా, కూసో. చాయ్ తాగు."

ఓదెలు రాయి మీద కూర్చున్నాడు. చాయ్ గ్లాసు ఎడమచేత్తో అందుకుని, కుడిచేతికి మార్చుకున్నాడు. బాలనర్సయ్య చూశాడు.

"మొఖం ఏందే గట్లున్నది? సెమట గారుతున్నది. పొద్దున్నే గింత సెమటేంది?"

"నడ్సిన గదా."

"రోజు నడుస్తలేవా? దవాఖానకు వో అన్నా. డాక్టర్లు సమ్మెల లేరు."

"రేపు వోత."

"రేపు రేపు అనుకుంటనే ఉంటవ్. ఊరంతా బందు వెట్టి రోడ్డు మీద కూసుంటే నువ్వొక్కనివి పనికి వోతున్నవ్. ఎవని కోసం?"

"ఇయ్యాల ఒక్క రోజే. రేపటి సంది వచ్చి నీ పక్కనే కూసుంట."

"మాట తప్పితె ఫైన్ ఏస్త."

"ఎయ్యి," అన్నాడు ఓదెలు. గ్లాసు కడిగి బోర్లించి లేచాడు. నల్లగండ్ల దాటాక ఒక ప్రహరీ గోడ పక్కన కొంతసేపు నిలబడ్డాడు. ఎడమ భుజం నొప్పిగా ఉంది. నిన్న సుత్తె పని ఎక్కువైందనుకున్నాడు. భుజం తడుముకుని నడిచాడు.

*

షెడ్డు చేరేసరికి ఎనిమిదీ పది. చెన్నకేశవులు షట్టరు సగమే ఎత్తి ఉంచాడు. బందు రోజుల్లో అలాగే చేస్తాడు. అతను ఆ ఊరివాడే. పొలం చాలావరకు అపార్ట్‌మెంట్లకు పోయింది. రెండు భవనాల మధ్య పదిహేను గుంటలు మిగిలితే వంకాయ వేశాడు.

"అన్నా, తొమ్మిదింటికి కరెంటు వోతదట. ఒంటిగంట దాక రాదు. సింగరేణి బొగ్గు బందయింది గదా," అన్నాడు. "నీ తొమ్మిదో నంబర్ కత ఇగ అంతే."

"డ్రిల్లు నిన్ననే కొట్టిన. ఆకురాయి ఉన్నది. రాకనీకి కరెంటెందుకు?"

"గంత గాడిని చేత్తోని రాకుతవా? ఎన్ని గంటలు?"

"ఒంటిగంట దాక రాదంటివి గదా. ఒంటిగంట దాక రాకుత."

చెన్నకేశవులు నవ్వి పోయాడు. తొమ్మిదీ రెండు నిమిషాలకు ఫ్యాను ఆగింది.

తొమ్మిదో నంబరుకు బోల్టులు లేవు. పానాతో పని లేదు. నోరు ముందుకు తిరిగింది. క్లాంపుకు అడ్డంగా ఒక గాడి. గాడిలోకి ఒక ఇనప చీల, ఒక కొస సన్నం, ఒక కొస లావు. రాయితో సన్నం కొస లోపలికి కొడితే బ్లేడు బిగుస్తుంది. అవతలి వైపు నుంచి కొడితే వదులవుతుంది. గుంజిన కొద్దీ చీల పట్టు ఇంకా బిగుస్తుంది. చీల పోకుండా చిన్న గొలుసు. ఊళ్లో ఎడ్ల దంతెకు కర్ర చీల అలాగే కొడతారు. ఓదెలు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. కర్రను ఇనుము చేశాడు.

కష్టం గాడిలో ఉంది. గాడి లోపలి వాలు, చీల వాలు ఒకటే కావాలి. వెంట్రుకంత తేడా ఉన్నా చీల ఒక చోటే ఆనుతుంది, నాలుగు గుంజులకు జారుతుంది. ఓదెలు కిరోసిన్ దీపం వెలిగించాడు. చీలను మంట పైన తిప్పి మసి పట్టించాడు. గాడిలో పెట్టి సుత్తెతో ఒక దెబ్బ కొట్టి, తీశాడు. గాడిలో మసి అంటిన చోటు ఎత్తుగా ఉన్నట్టు. ఆకురాయితో అక్కడ పది సార్లు రాకాడు. తుడిచాడు. చీలకు మళ్లీ మసి పట్టించాడు.

ఈ పని అతను బాలానగర్‌లో వ్యవసాయ పనిముట్ల కార్ఖానాలో నేర్చుకున్నాడు. ఇరవై రెండేళ్లు అక్కడ పనిచేశాడు. 2003లో అది మూతపడింది. ఆ కార్ఖానాలో ఒక పద్ధతి ఉండేది. ప్రతి ఫిట్టరు తను చేసిన ముక్క మీద పంచ్‌తో తన గుర్తు కొట్టాలి. ఏదైనా పాడై తిరిగి వస్తే ఎవరి చేతిదో తెలియడానికి. పక్క బల్ల మీద పనిచేసే మునిస్వామి గుర్తు ఒక అడ్డగీత. ఓదెలు గుర్తు వరుసగా మూడు చుక్కలు. ఇంక్రిమెంట్ల రోజు సూపర్‌వైజరు, మూడు చుక్కల ముక్క ఒక్కటీ తిరిగి రాలేదని అందరి ముందు చెప్పాడు.

1994లో ఆ కార్ఖానా చేతి కలుపు మిషిన్లు చేసింది. క్లాంపుకు నోరు వెనక్కి పెట్టారు. బల్ల మీద మిషినును పిడులు తమ వైపు ఉండేలా పెట్టుకుని బిగిస్తారు. నోరు తమ వైపు ఉంటే పానా బాగా అందుతుంది. అంతకు మించి కారణం లేదు. సిమెంటు గచ్చు మీద ముందుకు నూకి చూసి పంపేశారు. ఒకటి జనగామ దగ్గర ఓదెలు సొంత ఊరికి చేరింది. లచ్చమ్మ అప్పుడు ఊళ్లోనే ఉండేది, కూలికి పోయేది. ఒక పత్తి చేలో మూడో రోజు బ్లేడు జారింది.

ఓదెలు ఆదివారం ఊరు వెళ్లాడు. లచ్చమ్మ మంచంలో ఉంది. మిషిను ఆ రైతు పశువుల కొట్టంలో గోడకు ఆనించి ఉంది. ఓదెలు దాన్ని తిరగేశాడు. క్లాంపు మీద మూడు చుక్కలున్నాయి. కమ్మరి దగ్గరకు పోయి ఆకురాయి అడిగి తెచ్చుకుని, ఆ చోటు నునుపయ్యేదాకా రాకాడు.

తిరిగి వచ్చాక కార్ఖానాలో పంచ్ పోయిందని చెప్పాడు. కొత్తది ఇస్తే దాంతో రెండు అడ్డగీతలు కొట్టాడు. పాత పంచ్ పనిముట్ల పెట్టెలో గుడ్డలో చుట్టి ఉండేది. లచ్చమ్మకు ఏమీ చెప్పలేదు. చెప్పాలని అనుకున్న రోజులున్నాయి. కూతురు రజిత పెళ్లయి పోయిన రోజు అనుకున్నాడు. కార్ఖానా మూతపడిన రోజు అనుకున్నాడు.

*

పన్నెండుంబావుకు హిమబిందు వచ్చింది. మాదాపూర్ ఆఫీసులో క్లాంపు గీసేది ఆమే. ఇరవై ఆరేళ్లు, తెనాలి అమ్మాయి. స్కూటీ నంబరు ప్లేటు మీద ఏపీ అన్నచోట టీజీ స్టిక్కరు ఉంది. దాని మీద ఇంకో స్టిక్కరు ఉంది.

"మేడం, ఇంకో స్టిక్కర్‌కు జాగ ఉన్నదా? మా షెడ్డు తరపున ఒకటి అతికిస్త," అన్నాడు చెన్నకేశవులు.

"లేదండీ. పెట్రోల్ బంకు దగ్గర ఒకళ్లు, లింగంపల్లిలో ఒకళ్లు. ముందే ఉందండీ అన్నా వినలేదు. మా స్టిక్కరు వేరు అన్నారు."

"అట్లయితె మీరు డబల్ తెలంగాణ అయిపోయిన్రు."

హిమబిందు నవ్వింది. ఓదెలు దగ్గరకు వచ్చి గాడిలోకి తొంగి చూసింది.

"ఇంకా ఎంత ఉందండీ ఓదెలు గారూ?"

"రెండు మసులు."

ఆమెకు అర్థమైంది. వారం రోజులుగా వస్తోంది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"మీరు చెప్పాక మళ్లీ లెక్క చేశానండీ. మేం ముందుకు తోసేటప్పటి బలమే పెట్టాం. వెనక్కి లాగే బలం పెడితే కంప్యూటర్‌లో ఎనిమిదో నంబరు మొత్తం ఎర్రగా వచ్చింది, నిలవదని. మా మేనేజర్ గారికి చూపించాను. లెక్క కాదు, వస్తువు చూపించు అన్నారు."

"సూపిద్దాం."

"మీకెలా తెలిసిందండీ, వెనక్కి జారుతుందని? డ్రాయింగు చూడగానే చెప్పేశారు."

ఓదెలు చీలను దీపం మీద తిప్పుతున్నాడు. "ఒకటి జారింది. ఎరుక."

"అది ఎవరు చేశారు?"

"ఒక ఫిట్టరు."

"ఆయనకు చెప్పారా ఎవరైనా?"

"ఎరుకనే ఆయనకు," అన్నాడు ఓదెలు. చీలను గాడిలో పెట్టి కొట్టి తీశాడు. మసి గాడి పొడుగునా సమంగా అంటింది. దాన్ని ఆమెకు చూపించాడు. ఆమె ఫోనుతో ఫోటో తీసుకుంది.

ఆ తర్వాత అతను రొట్టె తినడానికి కూర్చుని ఒక్కటి తిని డబ్బా మూశాడు. ఎందుకు తినలేదని చెన్నకేశవులు అడిగాడు. గుండెల మంటగా ఉందని, పచ్చడి కారం ఎక్కువైందని చెప్పాడు. చెన్నకేశవులు సోడా తెప్పిస్తానన్నాడు. దుకాణాలు బంద్ అని ఓదెలు గుర్తుచేశాడు.

ఒంటిగంట పది నిమిషాలకు కరెంటు వచ్చింది. క్లాంపును కడ్డీకి వెల్డింగ్ చేశారు. చల్లారాక బ్లేడు తగిలించి, చీలను రాయితో కొట్టాడు. అప్పుడు పనిముట్ల పెట్టె తెరిచి, గుడ్డ విప్పి, పాత పంచ్ తీశాడు. క్లాంపు అంచు మీద ఒక చుక్క కొట్టాడు. చీల మీద ఒకటి. అవతలి అంచు మీద ఒకటి. మూడూ ఒకే వరుసలో.

"ఇదేమిటండీ?" అంది హిమబిందు.

"సీల జరిగితె నడిమి సుక్క వరస తప్పుతది. సాలు గొట్టినంక జూస్తె తెలుస్తది."

ఆమె అది నోట్‌బుక్‌లో రాసుకుంది.

*

లచ్చమ్మ మూడుంబావుకు వచ్చింది. లింగంపల్లిలో రోడ్డు బందయిందని, వాళ్లు పులిహోర పెట్టందే వదలలేదని చెప్పింది. కొంగులో కొంత మూట కట్టి తెచ్చింది.

వంకాయ తోటలో సాలుకు సాలుకు మధ్య తుంగ, గరిక మోకాలి దాకా ఉన్నాయి. చెన్నకేశవులు మిషిను మోసుకొచ్చి గట్టు మీద పెట్టాడు. లచ్చమ్మ దాని చుట్టూ తిరిగి చూసింది. వంగి క్లాంపు చూసింది. ఎక్కువసేపు చూసింది. చీలను వేలితో తోసి చూసింది. చీర కుచ్చిళ్లు ఎత్తి కట్టుకుని చెప్పులు విడిచింది.

"సెప్పులు ఏసుకో," అన్నాడు ఓదెలు.

"సెప్పులు ఏసుకొని కలుపు దీస్తరా ఎవలన్న? మట్టిల వడితె ఊడొస్తయి."

"లచ్చవ్వా, నీకొకటి జెప్పాలె."

"ముందుగాల సాలు గొట్టనియ్యి. పొద్దు వోతది. తర్వాత జెప్పు."

ఆమె పిడులు పట్టుకుంది. నూకింది. గుంజింది. రెండడుగులు వేసింది. మొదట కుడికాలు దూరంగా పెట్టి నడిచింది. సాలు సగానికి వచ్చేసరికి మామూలుగా నడిచింది. హిమబిందు గట్టు వెంట నడుస్తూ ఎన్ని సార్లు గుంజిందో లెక్క రాసుకుంది.

మొదటి సాలు అయ్యాక ఓదెలు వంగి చుక్కలు చూశాడు. వరుస తప్పలేదు. రెండో సాలు అయ్యాక మళ్లీ చూశాడు. మట్టి తుడిచి బొటనవేలితో తడిమాడు.

"ఏమంటది?" అంది లచ్చమ్మ.

"కదల్లే."

"బరువు గూడ లేదు. మునుపటిదాని తీరుగ గాదు."

మునుపటి మిషిను ఎలా ఉండేదో ఆమె చెప్పడం పదిహేడేళ్లలో అదే మొదలు. ఓదెలు బొటనవేలి మట్టి తుడుచుకున్నాడు. తర్వాత, "నువ్వు నడువు. నేను జర కూసుంట," అన్నాడు.

మూడో సాలు, నాలుగో సాలు అయ్యాయి. అతను గట్టు మీద ఇటుకల దొంతికి ఆనుకుని కూర్చున్నాడు. నాలుగో సాలు అయ్యాక చుక్కలు హిమబిందు చూసింది. బాగుందని కేక వేసింది. నాలుగూ ఇరవైకి లచ్చమ్మ అవతలి కొసన నిలబడి అడిగింది.

"ఇంకో సాలు గొట్టాల్నా?"

ఓదెలు చెయ్యి ఎత్తి, కానీ అన్నట్టు ఊపాడు. హిమబిందు అప్పుడే నోట్‌బుక్‌లో అయిదో సాలు మొదలైన సమయం రాసింది. ఆ తర్వాత ఫోను మోగితే షెడ్డు వైపు వెళ్లింది. చెన్నకేశవులు నీళ్ల కోసం వెళ్లాడు.

లచ్చమ్మ అయిదో సాలు మొత్తం కొట్టుకుంటూ వచ్చింది. ఈ కొసకు చేరి నడుము మీద చెయ్యి పెట్టి, "ఇగ చాల్నా?" అంది. అతను జవాబు చెప్పలేదు. నడిచి నడిచి కునుకు తీస్తున్నాడనుకుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. పులిహోర మూట విప్పింది. అతని పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు తెలిసింది.

108 బండి నాలుగూ యాభై రెండుకు వచ్చింది.

*

దవాఖాన వరండాలో బల్ల మీద లచ్చమ్మ, హిమబిందు కూర్చున్నారు. డాక్టరు గుండె ఆగిందని చెప్పాడు. సమయం అడిగాడు. హిమబిందు నోట్‌బుక్ తెరిచి, చెయ్యి ఊపిన నిమిషం చెప్పింది. అదే రాశారు. చెన్నకేశవులు ట్రాలీ ఆటో కోసం వెళ్లాడు. రజితకు ఫోను చేశారు. బస్సులు లేవు, కరీంనగర్ నుంచి జీపు మాట్లాడుకుని వస్తామన్నారు.

"మిషిని యాడున్నది?" అంది లచ్చమ్మ.

"తోటలోనే ఉందమ్మా."

"రేపు పదింటికట గదా. తీస్కపో."

"అదంతా ఇప్పుడెందుకమ్మా, నేను ఆఫీసులో చెప్తాను..."

"చెప్తె ఇంటరా? లేకుంటె గా పాతదే జేస్తరట గదా, నోరు ఎనుకకున్నది. నెల రోజుల సంది ఇంట్ల గదే ముచ్చట. అన్నం తినుకుంట గూడ గదే. తీస్కపో బిడ్డా."

హిమబిందు సరే అంది.

"దాని మీద మూడు సుక్కలు ఉన్నయి. చెరపకుండ్రి."

"చూశానమ్మా. చీల జరిగితే తెలియడానికని చెప్పారు."

"గది ఆయన గుర్తు. నా కాలు మీద వడ్డదానికి గూడ గవే ఉండె."

హిమబిందు ఆమె వైపు తిరిగింది.

"ఎడ్లబండి వచ్చేదాక చేన్లనే కూసున్న. మిషిని నా ఒళ్లెనే ఉండె. జూసుకుంటనే కూసున్న. పట్నం వోయినప్పుడు కార్ఖానకు సద్ది తీస్కపోయి ఎన్నిమార్ల జూడలే గా సుక్కలు! ఐతారం నాడు వచ్చి రాకిండు. నేను జూడలేదనుకున్నడు."

"మీరెప్పుడూ అడగలేదా అమ్మా?"

"అడిగితె ఏం జేస్తడు? తెగిన ఏళ్లు అతికిస్తడా?" లచ్చమ్మ కొంగు మీది మెతుకులు దులిపింది. "అడిగితె కార్ఖాన ఇడ్సిపెట్టెటోడు. గాయనకు ఇంకో పని ఏం వస్తది?"

ట్రాలీ ఆటో వచ్చింది. ఆమె లేచింది.

*

గురువారం ఉదయం తొమ్మిదీ యాభైకి తొమ్మిదో నంబరు మాదాపూర్‌లో అయిదో అంతస్తులో టేబుల్ మీద ఉంది. హిమబిందు కడ్డీతో సహా విప్పి, స్కూటీ ముందు పెట్టుకుని తెచ్చింది. కడగలేదు. పదింటికి కంపెనీ నుంచి ఇద్దరు వచ్చారు. ఆమె వారికి నోట్‌బుక్ చూపించింది. అయిదు సాళ్లు. నాలుగు సాళ్లకు రెండు వందల పన్నెండు గుంజులు. అయిదో సాలు లెక్క పెట్టలేదు. తోసి చూసినవారి పేరు లచ్చమ్మ. చేసినవారి పేరు ఓదెలు. చేసినవారిని పిలిపించగలరా అని ఒకరు అడిగారు. ఆమె చెప్పింది.

పదీ నలభైకి మేనేజరు ఎనిమిదో నంబరు డ్రాయింగు మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టి సంతకం పెట్టాడు. మియాపూర్‌లో ఓదెలును పదకొండింటికి తీసుకెళ్లారు. పాడెకు కండక్టర్ బాలనర్సయ్య ఒక భుజం పట్టాడు.

తొమ్మిదో నంబరు ఆ రోజంతా టేబుల్ మీదే ఉంది. గోపన్‌పల్లి మట్టి దాని మీద ఎండింది. క్లాంపు మీద ఒకటి, చీల మీద ఒకటి, మళ్లీ క్లాంపు మీద ఒకటి. మూడు చుక్కలు ఒకే వరుసలో ఉన్నాయి.